భ్రమరాంబ ఊరికే వైజాగ్ వెళ్ళడం

“వైజాగా? ఎవరికి బాగాలేదు?” అంది పక్కింటి కృపాకుమారి, గోడ మీదుగా తల పైకెత్తి.

“అందరం బాగానే ఉన్నాం” అంది భ్రమరాంబ, దండెం మీద బట్టలు తీస్తూ.

“అయితే సంబంధమా?”

“మా ఇంట్లో ఇంకెవరున్నారు పెళ్ళికి? ఉన్న ఒక్క పిల్లా అత్తారింట్లో ఉంది.”

“మరి దేనికి వదినా?”

“ఊరికే.”

కృపాకుమారి ఆ మాటని కాసేపు నమిలి చూసింది. “చెప్పకూడనిదైతే వద్దులే” అని లోపలికి వెళ్ళిపోయింది. సాయంత్రం పెడన బస్టాండు దగ్గర టీ కొట్టులో భ్రమరాంబ మొగుడు పున్నయ్య చెయ్యి ఎవరో పట్టుకుని, “గుండెకి స్టంటు వేస్తున్నారంటగా బాబాయ్? ఏం భయపడకు, ఇప్పుడది చాలా తేలిక” అని ధైర్యం చెప్పారు.

పున్నయ్య ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, “ఆ ‘ఊరికే’ అనడం మానెయ్యి నువ్వు. సింహాచలం అని చెప్పు. ఎవరూ ఇంకో మాట అడగరు” అన్నాడు.

“సింహాచలం వెళ్ళట్లేదు కదండీ.”

“వెళ్తే ఏం పోయింది?”

“ఏం పోదు. అప్పుడు సింహాచలానికి వెళ్ళినట్టవుతుంది.”

భ్రమరాంబకి యాభై దాటాయి. పెడనలో మగ్గం ఉన్న ఇంట్లో పుట్టి, అదే ఊళ్ళో కలంకారీ అద్దకం చేసే ఇంటికి కోడలిగా వచ్చింది. పున్నయ్య షెడ్డులో అచ్చులు కొట్టేది మగవాళ్ళు. అంతకుముందు తెల్లగుడ్డని కరక్కాయ కలిపిన గేదెపాలలో నానబెట్టడం, ఆ తర్వాత కాలువలో జాడించి తెచ్చిన గుడ్డని గడ్డిమీద పరిచి తెలుపు తేలేదాకా ఎండలో నీళ్ళు చిలకరించడం ఆమె చూసుకుంటుంది. గోళ్ళ చుట్టూ పట్టిన పసుపుపచ్చ మరక పెళ్ళిళ్ళకి గోరింటాకు పెట్టుకున్నా పూర్తిగా మునగదు.

ఆమె తిరగని మనిషి కాదు. తిరుపతి వెళ్ళింది, మొక్కుకి. విజయవాడ వెళ్ళింది, అత్తగారి ఆపరేషనుకి. కూచిపూడి వెళ్ళింది, చుట్టాల పిల్ల గజ్జె కడితే. సముద్రం కూడా కొత్త కాదు. కార్తీక పౌర్ణమికి మంగినపూడిలో స్నానం చేసింది. ఒక కన్ను అత్తగారి మీద, ఇంకో కన్ను ఒడ్డున వదిలిన చెప్పుల మీద పెట్టి. ఆ అత్తగారి అస్థికలు కలపడానికి దివిసీమ దాటి హంసలదీవి వెళ్ళింది. తమ్ముడి గృహప్రవేశం మర్నాడు పెట్టిన విందుకి చేపలు కొనడానికి గిలకలదిండి హార్బరుకి వెళ్ళి, ఐసు పెట్టెల మధ్య నిలబడి వేలంపాట పాడేవాడి నోరే చూసింది. సముద్రం ప్రతిసారీ అక్కడే ఉంది. ఆమెకే తీరలేదు.

వైజాగ్ మాట ఎత్తడానికి కారణం మేనకోడలు శ్రీలేఖ. ఆ పిల్ల గుడివాడలో ఒక కాలేజీ ఆఫీసులో పనిచేస్తుంది. స్నేహితులతో వైజాగ్ వెళ్ళొచ్చి ఫోన్లో ఫొటోలు చూపించింది. ఒకదాంట్లో ఇసకలో వరసగా కూర్చున్న మనుషుల వీపులు తప్ప ఇంకేమీ లేవు.

“వీళ్ళేం చేస్తున్నారే?” అని అడిగింది భ్రమరాంబ.

“ఏం చెయ్యట్లేదత్తా. కూర్చున్నారు.”

“ఎవరి కోసం?”

“ఎవరి కోసమూ కాదు. అలా కూర్చుంటారు, అంతే.”

భ్రమరాంబ ఫోన్ ఇవ్వకుండా ఆ వీపుల వంక చాలాసేపు చూసింది.

వినాయక చవితి అయ్యాక ఒక ఆదివారం ముదినేపల్లిలో తమ్ముడు భుజంగరావు ఇంట్లో ప్రయాణం ఖాయమైంది. భుజంగరావు మగ్గం వదిలేసి చాలాకాలం కిందటే అక్కడ చేపల చెరువు కౌలుకి తీసుకున్నాడు. రెండు జంటలు, సాయంత్రం బందరు నుంచి వచ్చే వైజాగ్ బండి, రెండు పూటలు అక్కడ, మళ్ళీ ఇంటికి. టిక్కెట్లు శ్రీలేఖ ఫోన్లోనే తీస్తానంది. రోజులు మాత్రం భ్రమరాంబ చెప్పింది, పితృపక్షంలో అని.

“పితృపక్షంలో ప్రయాణమేంటక్కా?” అన్నాడు భుజంగరావు.

“శుభకార్యం పెట్టుకోకూడదు గానీ మనది శుభకార్యం కాదుగా, ఊరికే వెళ్తున్నాం. ఆ పదిహేను రోజులూ పెళ్ళిళ్ళుండవు, పేరంటాలుండవు. ఎవరూ పిలవరు. మనకది ఒక్కటే ఖాళీ.”

భుజంగరావు భార్య అమ్మాజీ వంటింట్లోంచే గట్టిగా నవ్వింది. “ఎంత ఆలోచించావు వదినా! పెద్దలకి పిండం పెట్టే రోజుల్లో మనం బీచిలో పిడతకింద పప్పు తింటాం.”

“నాన్న తిథి అయ్యాకే వెళ్దాంలే” అన్నాడు భుజంగరావు. అందరూ సరేనన్నారు. ఆకాశం సంగతి ఆ రోజు ఎవరికీ తట్టలేదు.

అద్దకం వాళ్ళకి వానొస్తే సెలవు. గుడ్డ ఆరదు, రంగు నిలవదు, షెడ్డుకి తాళమే. అందుకని పున్నయ్య జీవితంలో ఎక్కడికెళ్ళినా గొడుగు వేసుకునే వెళ్ళాడు. ఎండ కాసిన రోజున ఊరు కదలడమంటే అతనికి పొయ్యిమీద పాలు వదిలి వెళ్ళడంలాంటిది. చేపల చెరువు వాళ్ళకి దీనికి ఎదురు. మబ్బు పట్టి గాలి ఆడని పూట చేపలు ఊపిరి అందక పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్లు తిప్పాలి, మందు చల్లాలి, గట్టు వదలకూడదు. భుజంగరావు ఊరు కదలాలంటే ఆకాశం కడిగినట్టుండాలి. ఈ భాద్రపద మాసమేమో రెండూ కాదు. పొద్దున్న వాన, మధ్యాహ్నం ఎండ.

మొదటిసారి ప్రయాణం నాటికి నాలుగు రోజుల ముసురు విడిచి పెడనలో ఎండ ఫెళ్ళుమని కాసింది. కాలువ నిండుగా పారుతోంది. ముసురుకి ఆగిన గుడ్డంతా షెడ్డులో గుట్టగా ఉంది. పున్నయ్య మధ్యాహ్నందాకా దాని చుట్టూనే తిరిగాడు. బండి వేళకి ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు.

“భుజంగం, ఈ ఎండ మళ్ళీ రాదయ్యా.”

“బావా, మేం గుడివాడ ప్లాట్‌ఫారం మీదున్నాం. మీక్కూడా ఇడ్లీలు కట్టించాం.”

“ఏమనుకోకు.”

“అనుకోటానికేముంది, తింటాం.”

రెండోసారి పెడన మీదికి నల్లటి మబ్బు వచ్చి కూర్చుంది. పున్నయ్య ఉత్సాహంగా షెడ్డుకి తాళం వేసి, గడ్డం గీసుకుని, బ్యాగు గుమ్మంలో పెట్టాడు. అప్పుడు ఫోన్ మోగింది. వెనకనించి ఏరేటర్ల హోరు.

“బావా, చేపలు తలలెత్తాయి.”

“నీ చేపలకి గాలి ఆడకపోతే నా ప్రయాణం ఆగాలా?”

“నీ గుడ్డలు ఆరకపోతే నేను ప్లాట్‌ఫారం మీద ఎనిమిది ఇడ్లీలు తినలేదా?”

“నాకన్నా నీకు చేపలెక్కువా?”

“ఆ మాట అడగమాకు బావా. ఇప్పుడు నిజమే చెప్తాను.”

భ్రమరాంబ కట్టుకున్న చీర మార్చుకుని వచ్చి బియ్యం కడిగింది. అన్నం వడ్డిస్తూ మామూలు గొంతుతోనే, “ఈ పక్షంలో ఇంకోసారి టిక్కెట్లు తియ్యమన్నాను శ్రీలేఖని. ఈసారి ఆగితే ఇంక నేను అడగనండీ” అంది.

ఆమె అరిస్తే పున్నయ్యకి భయం లేదు, అడగనంటేనే భయం. పెళ్ళయిన కొత్తలో ఒకసారి కుట్టుమిషను అడిగింది. రెండు మూడుసార్లు అడిగి మానేసింది. ఆ తర్వాత చేతిలో డబ్బాడి అతనే కొని తెస్తే, “ఎందుకండీ ఇప్పుడు” అంది. ఆ మిషను ఇప్పటికీ గదిలో ఉంది. దానిమీద మడతపెట్టిన దుప్పట్లుంటాయి.

మూడోసారి ప్రయాణం రోజున పున్నయ్య లేవగానే ఆకాశం చూశాడు. ఎండ. అయినా వెళ్దామనే అనుకున్నాడు. కానీ పనివాళ్ళు అప్పటికే కాలువలో దిగి గుడ్డ జాడిస్తున్నారు. ఆ ఎర్రా నలుపూ గడ్డిమీద పరుచుకుంటుంటే అతని కాళ్ళు అటే లాగాయి. కాసేపటికి ముదినేపల్లికి ఫోన్ చేశాడు. తను రాలేనని చెప్పేలోపే భుజంగరావు అన్నాడు:

“బావా, ఇక్కడ మబ్బు.”

“ఇక్కడ ఎండయ్యా.”

“ఎంతో దూరం లేదే మనకి!”

“అదే చూస్తున్నా.”

ఇద్దరూ ఒకేసారి తప్పించుకున్నందువల్ల ఆరోజు పోట్లాట రాలేదు. పైగా ఉషారొచ్చింది. “కార్తీకంలో వెళ్దాం బావా. ఎండా పెద్దగా ఉండదు, మబ్బూ ఉండదు. అక్కయ్యకి సముద్రస్నానం కూడా అయిపోతుంది” అన్నాడు భుజంగరావు. “అవునవును, సింహాచలం కూడా కలుస్తుంది” అన్నాడు పున్నయ్య.

భ్రమరాంబ వెనక గుమ్మంలో నిలబడి ఆ మాటలు విన్నది. ఎదురుగా గుడ్డ ఎండుతోంది. ఆమె చెయ్యి తనంతట తనే నీళ్ళ బకెట్టు మీదికి పోయింది. ఒక చుట్టు చిలకరించింది. రెండో చుట్టు మొదలుపెట్టబోయి ఆగింది. ఇంత ఎండని వదిలి వెళ్ళడం ఆమెకీ అలవాటు లేదు. ఎండ రేపూ కాస్తుంది, ఎల్లుండీ కాస్తుంది. ప్రతిరోజూ ఏదో ఒక గుడ్డ తడిగానే ఉంటుంది. బకెట్టు పనిమనిషి చేతికిచ్చి లోపలికొచ్చి ఫోన్ తీసింది.

“శ్రీలేఖా, నాలుగు టిక్కెట్లలో రెండు క్యాన్సిల్ చేసెయ్యమ్మా. మగవాళ్ళవి.”

“అత్తా, సూపర్” అని అటునించి వినిపించింది.

అమ్మాజీకి చేసింది. “నువ్వు చెరువులో దిగి చేపలకి గాలి ఊదుతావా?”

“నేనెందుకు ఊదుతాను వదినా? మీ తమ్ముడున్నాడుగా.”

“అయితే బట్టలు సర్దుకో.”

పున్నయ్య గుమ్మం దగ్గర నిలబడిపోయాడు. “ఆడాళ్ళిద్దరేనా? ఎవరన్నా అడిగితే నేనేం చెప్పను?”

“స్టంటు మీక్కాదు, నాకని చెప్పండి.”

సాయంత్రం స్కూటరు మీద ఆమెని అతనే స్టేషనుకి తీసుకెళ్ళాడు. ప్లాట్‌ఫారం మీద కాసేపు అటూ ఇటూ చూసి, “ఎలాగూ వెళ్తున్నావుగా, అక్కడి షాపుల్లో మన గుడ్డ ఏ ధరకి అమ్ముతున్నారో ఒకసారి...” అన్నాడు.

“పని చెప్పకండి.”

“పని కాదే, చూడటం.”

“అది కూడా వద్దు.”

“పోనీ సింహాచలం ప్రసాదం...”

“ఏవండీ.”

“సరే సరే.” రైలు వచ్చాక సంచీ సీటు కింద పెట్టి, కిటికీలోంచి నీళ్ళ సీసా అందించాడు. ఇంకేదో చెప్పబోయి, పని చెప్పినట్టవుతుందేమోనని కాబోలు, ఊరుకున్నాడు.

గుడివాడలో అమ్మాజీ ఒక చేత్తో సంచీ, ఇంకో చేత్తో ఇడ్లీల పొట్లం పట్టుకుని ఎక్కింది. “మీ తమ్ముడు గట్టుమీంచి ఫోన్ చేసి అక్కడ హార్బర్లో ఏదో కనుక్కోమంటున్నాడు వదినా. సిగ్నల్ లేనట్టు హలో హలో అని పెట్టేశా.”

మర్నాడు గదిలో స్నానాలు చేసి, టిఫిను తిని ఇద్దరూ బీచికి వెళ్ళారు. ఇసకలో చీర కుచ్చెళ్ళు సర్దుకుని కూర్చున్నారు. కాసేపటిదాకా ఏం చెయ్యాలో ఇద్దరికీ తెలియలేదు. అమ్మాజీ సముద్రం మీది చిన్న తెల్లమబ్బుని అనుమానంగా చూసింది. భ్రమరాంబ నీడలో లేని ఇసకని చూసింది.

“ఎంత ఎండ అమ్మాజీ! మన షెడ్డులో గుడ్డంతా ఒక్క పూటలో ఆరిపోతుంది.”

“ఉప్పు పట్టదూ?”

“పడుతుందనుకో.”

“మరి నోరు మూసుకుని కూర్చో వదినా.”

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వు ఆగేసరికి కూర్చోవడం కొంచెం అలవాటైంది. మొక్కజొన్న పొత్తులు కాల్చే ఆవిడ విసనకర్రతో బొగ్గులు విసురుతూ, “ఏ ఊరమ్మా?” అని పలకరించింది.

“బందరు దగ్గర పెడన.”

“ఏం పనిమీద వచ్చారు?”

“ఊరికే వచ్చాం” అంది భ్రమరాంబ, ఎదుటి మనిషి మొహంలోకి చూస్తూ.

“మంచిది. కారం ఎక్కువ రాయనా, తక్కువా?” అంది ఆవిడ.

పొత్తు సగం తిన్నాక ఫోన్ మోగింది. పున్నయ్య. బాగా చేరారా, టిఫిను తిన్నారా అని అడిగి, ఇక్కడ కాసిని తుంపర్లు పడ్డాయని, గుడ్డ లోపల వేయించానని చెప్పాడు. తర్వాత ఉండబట్టలేక అడిగాడు:

“అక్కడ ఎండగా ఉందా?”

ఎండ సూటిగా మొహం మీద పడుతుంటే భ్రమరాంబ ఒక కన్ను మూసుకుంది.

“చూళ్ళేదండీ.”



“సరే” అన్నాడు పున్నయ్య. “చూడకులే.”