మా బావ రక్తం మంచిది

మా బావ వాళ్ళది ఉదయగిరి దగ్గర పేరున్న కుటుంబం. పెళ్ళి సంబంధం మాట్లాడినా, పొలం గట్టు దగ్గర తగాదా పడినా, వాళ్ళ నోట మొదట వచ్చే మాట "మా రక్తం". ఆ రక్తంలో ఒక్క సంచి ఇవ్వమనేసరికి, ఆత్మకూరు ఆసుపత్రిలో అందరికీ ఒకేసారి జబ్బులు గుర్తొచ్చాయి.

అక్కకు గర్భసంచి ఆపరేషన్. ఒంట్లో రక్తం బాగా తక్కువ, ముందు అది ఎక్కిస్తేనే కత్తి పట్టుకుంటానంది డాక్టరమ్మ. బ్లడ్ బ్యాంకులో రక్తం ఉంది. కాకపోతే బదులుగా మన మనిషి ఒకరు ఇవ్వాలి. మా ఊళ్ళవైపు ఎక్కడికైనా ఒక్కరు పోవడం ఉండదు కదా, బావ వాళ్ళు ఆటో నిండా వచ్చారు. ఒకాయనకు షుగరట. ఇంకొకాయనకు శనివారం ఉపవాసమట. "నాకు సూదంటే కళ్ళు తిరగతాయి" అన్నాడు బావ. పొటేలును కోసేటప్పుడు ఆ కళ్ళు తిరగ్గా ఎవరూ చూడలేదు.

తమ్ముణ్ణి, నేనిస్తానన్నాను. మావాళ్ళంతా చుట్టూ మూగి ఉండగానే అక్కడి ఉద్యోగి ప్రశ్నలు మొదలుపెట్టాడు. కామెర్లు వచ్చాయా, మలేరియా వచ్చిందా, మగవాళ్ళతో సంబంధం ఉందా. ఉందన్నాను. ఏళ్ళ తరబడి ఒకే మనిషితో, ఒకే ఇంట్లో ఉంటున్నానని కూడా చెప్పాను. ఈ సంగతి మావాళ్ళకు తెలుసు. తెలియనట్టు ఉండడమే వాళ్ళ మర్యాద. అందరూ తలెత్తి ఫ్యాను వైపు చూశారు.

"మీరు ఇయ్యకూడదు సార్. ఎప్పటికీ."

"పరీక్ష చేసి చూడండి. ఎటూ అందరి రక్తమూ చేస్తారు కదా?"

"చేస్తాం సార్. రూలు అట్లుండాది." తర్వాత గొంతు తగ్గించి, "లేదని చెప్పుంటే అయిపోయేది" అన్నాడు, పాపం, నా మీద జాలిపడి.

నిజం చెప్పినవాణ్ణి బయటికి పంపి, అబద్ధం చెప్పినవాణ్ణి మంచం మీద పడుకోబెట్టే రూలు! ఏ మహానుభావులు కూర్చుని రాశారో గానీ, వాళ్ళ తెలివికి చేతులెత్తి మొక్కాలి.

ఇక దారిలేక బావ కూర్చున్నాడు. బయటి సంబంధాలేమైనా ఉన్నాయా అని అడిగారు. పక్కనే వాళ్ళ నాయన నిలబడి ఉన్నాడు. కలిగిరిలో ఒకామె ఇంటిముందు బావ బండి ఎప్పుడెప్పుడు ఆగుతుందో ఉదయగిరిలో టీకొట్టు వాడినడిగినా చెబుతాడు.

"ఛీ ఛీ, ఏందయ్యా ఆ మాటలు? మా వంశంలోనే లేదు!"

పెద్దాయన మీసం దువ్వుకున్నాడు. సూది దిగింది. బావ పళ్ళరసం తాగి, ఇంకొకటి అడిగి మరీ తాగాడు.

సాయంత్రం అక్కకు రక్తం ఎక్కుతుంటే పక్కన కూర్చున్నాను. సంచి వైపు చూసి, "దీనికి బదులు నువ్విచ్చినావా రా?" అంది.

"లేదక్కా. బావ ఇచ్చినాడు. నాది వద్దన్నారు."

ఎందుకో చెప్పాను. ఒళ్ళు మండిపోతున్నా మెల్లగానే చెప్పాను. ఆమె సూది లేని చేత్తో నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మీ బావ గూడా ఈకుండా ఉంటే? ఎదురుగా నువ్వుండంగానే నన్ను చావనిచ్చేవోళ్ళా రా?"

రూలు రాసినవాళ్ళ దగ్గర జవాబుంటే, వచ్చి మా అక్కకు చెప్పమనండి.