అవ్వ కొంగులో పల్లిపట్టి

నేను వనపర్తిలో పాలిటెక్నిక్ చదివేటప్పుడు, మా ఇంట్లో అవ్వ దగ్గర పెరుగుతున్న అక్క కూతురు చిన్నికి రెండేళ్లు. ఒంటిపై ఊరికే దద్దుర్లు లేచేవి. ఏ తిండి పడటంలేదో తెలియాలంటే తినేవన్నీ రాయమన్నారు డాక్టర్. వేళతో సహా నోటుబుక్కులో రాశాను. పాలు, గుడ్డు, గోధుమ, దేనితోనూ లెక్క కుదరలేదు.

ఒక సాయంత్రం చిన్ని పెదవులు ఉబ్బి, ఆయాసం మొదలైంది. దవాఖానకు పరుగెత్తాం. ఇంజెక్షన్‌తో తేరుకున్నాక డాక్టర్ నా పుస్తకం తిరగేసి, "ఇందులో లేనిదేదో తింటోంది" అన్నారు.

వెనకనున్న అవ్వ మెల్లగా కొంగుముడి విప్పింది. సగం కొరికిన పల్లిపట్టి ఉంది.

"నీ రాతలతోని పిల్ల బక్కగైతుందని అప్పుడప్పుడు జర పెట్టిన బిడ్డా. గిది గూడ రాస్కో."

పల్లీలు మానేశాక దద్దుర్లు మళ్లీ రాలేదు. నేను మాత్రం పుస్తకంలో ఇంకో గడి గీశాను: అవ్వ కొంగు.