మూడో నంబరు క్యాబిన్‌లో దయ్యం

దయ్యం ప్రసక్తి లేకుండా ఏ విషయమూ మాట్లాడటం ఇక్రాముద్దీన్‌కు చేతకాదు. పప్పు మాడితే గిన్నెలో ఆత్మ చేరిందనేవాడు. లారీ మొరాయిస్తే చచ్చిన డ్రైవరు ఇంకా సీటు దిగలేదనేవాడు. చమురు ధర ఆకాశాన్నంటిన డెబ్బైలలో, ఖతర్‌లోని దుఖాన్ చమురు క్యాంపులో ఆయన స్టోర్‌కీపరు. స్వదేశానికి వెళ్తూ అమెరికా ఇంజనీరొకడు వదిలేసిన గోతిక్ దయ్యాల కథల సంపుటాలు ఆయనకు కంఠస్థం.

"ఈ కథలు మొదలు విలాయత్‌ల పుట్టినయి బేటా. ఆడ కోటలున్నయి, దయ్యాలకు జాగ కొదవ లేదు. అమెరికాల కోటలేడియి? అందుకే ఆడ రాసెటోళ్లు దయ్యాన్ని మనిషి దిమాక్‌ల పెట్టిన్రు. కిరాయి మాఫీ!"

"మరి ఖతర్‌ల?" అన్నాడు కరీంనగర్ నుంచి కొత్తగా వచ్చిన రాజనర్సు.

"మూడో నంబర్ క్యాబిన్‌ల."

రాజనర్సు కన్ను ఆ క్యాబిన్ మీదే ఉంది. "ఖాళీగనే ఉన్నది గద చాచా, నాకియ్యి. ఏడుగురి గురకల నిద్ర పడ్తలేదు."

"వద్దు. అండ్ల ఒకటి ఏడుస్తది."

"ఆడదా, మొగదా?"

"ఏడ్చేటప్పుడు తెల్వది."

ఆ ఏడుపు విన్నవాళ్లు క్యాంపులో చాలామందే ఉన్నారు. ఫోర్‌మన్ సైతం ఆ దారి మానుకున్నాడు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం, సెలవు ముగించుకొని వచ్చిన ఊరివాడొకడు రాజనర్సుకు కబురు చెప్పాడు: అతణ్ణి పెంచి పెద్దచేసిన అక్క ముత్తవ్వ కన్నుమూసింది. గదిలో పేకాట ఆగిపోయింది. ఏడుగురూ తననే చూస్తుంటే రాజనర్సు వాళ్ల మధ్య చోటు చేసుకొని కూర్చున్నాడు.

"ఆపిన్రేంది? నాకూ పత్తాలెయ్యుండ్రి."

అప్పుడే, ఆ కబురు విన్న ఇక్రాముద్దీన్ తలుపు తట్టాడు. "యల్లా, నడువు రాజనర్సూ! డ్రమ్ములు జరపాలె."

డ్రమ్ములు ఎక్కడా లేవు. ఆయన మూడో నంబరు క్యాబిన్ తాళం తీశాడు. లోపల ఒక చాప, కూజాలో నీళ్లు, ఉతికి మడతపెట్టిన తువ్వాలు ఉన్నాయి.

"పో బేటా. ఎవ్వరూ రారు."

ఆయన బయట స్టూలు వేసుకొని పుస్తకం తెరిచాడు. కాసేపటికి రాజనర్సు గదిలోనే ఉండే గంగన్న అటుగా వచ్చాడు.

"దూరం జరుగు! ఇయ్యాల దయ్యం జోరు మీదున్నది!" అని కేకేశాడు ఇక్రాముద్దీన్.

లోపలి ఏడుపు చెవిన పడగానే గంగన్న ఒక చెప్పు అక్కడే వదిలి పరుగెత్తాడు.

పొద్దు వాలాక రాజనర్సు ముఖం కడుక్కొని బయటికి వచ్చాడు. "చాచా, ఈ దయ్యాన్ని నువ్వే పుట్టిచ్చినవా?"

"లేదు బేటా," ఇక్రాముద్దీన్ పేజీ తిప్పాడు. "మొదలు నేనే దయ్యమైన."

కొన్నాళ్లకు ముత్యం అనే కొత్త కుర్రవాడు ఆ క్యాబిన్ అడిగాడు. రాజనర్సు మీసం దువ్వుకున్నాడు.

"వద్దు తమ్మీ. దాన్ని నా కండ్లార చూసిన. ఇగో, ఇట్లనే మీసాలున్నయి!"