చీనీ అంటే బత్తాయి

కరోనా రెండో అల సద్దుమణిగిన మరుసటి ఏడాది వేసవిలో నన్ను ప్రొద్దుటూరు డెస్కులో వ్యవసాయం పేజీ నుంచి తప్పించి వెబ్ విభాగానికి చీఫ్ సబ్ ఎడిటర్‌గా వేశారు. అప్పటికి పదవీ విరమణకు దగ్గరపడ్డాను. జమ్మలమడుగు నుంచి రోజూ బస్సులో వచ్చిపోయేవాణ్ని. పత్రికలో చీఫ్ సబ్ అంటే కింది సబ్ ఎడిటర్లు రాసింది దిద్ది, తప్పు అచ్చయితే మాట పడేవాడు. వెబ్‌లోనూ హోదా అదే, రాసే పద్ధతే వేరు.

అక్కడ మా పని వార్తలు రాయడం కాదు, జవాబులు రాయడం. జనం సెర్చ్ ఇంజన్‌ను ఏమడుగుతున్నారో చూసి, ఆ ప్రశ్ననే శీర్షికగా పెట్టి, మొదటి రెండు వాక్యాల్లో జవాబు చెప్పేయాలి. కుదిరితే ఇంజన్ ఆ రెండు వాక్యాలను ఎత్తి, ఫలితాలన్నిటికీ పైన ఒక గడిలో మా పత్రిక పేరుతో చూపిస్తుంది. ఆ గడిని మేం డబ్బా అనేవాళ్లం. డబ్బాలో పడితే చదువరి సైటులోకి వస్తాడని లెక్క. ఈ పాఠం వారం వారం వీడియో కాల్‌లో చెప్పే డిజిటల్ హెడ్ హైదరాబాద్‌లో ఉండేవాడు. మర్యాదస్తుడే. చీనీ చెట్టును మాత్రం ఏనాడూ చూసి ఉండడు.

పులివెందుల వైపు చీనీ తోటలు ఎక్కువ. పూత రావాలంటే ముందు కొన్నాళ్లు నీళ్లు ఆపి చెట్టును బెట్టకు వదలాలి. ఎన్నాళ్లన్నదే రైతుల ప్రశ్న. మేం సలహా అడిగే ఉద్యాన శాస్త్రవేత్త రోజుల లెక్క వద్దే వద్దన్నారు. నల్లరేగడి తేమను పట్టి ఉంచుతుంది, గరుసు నేల నిలుపుకోలేదు, రెంటికీ ఒకే లెక్క చెబితే చెట్లు చస్తాయన్నారు. అందుకని ఇలా రాశాం: “రోజులు లెక్కపెట్టకండి, ఆకును చూడండి. మధ్యాహ్నం వడలిన ఆకు తెల్లారేసరికి తేరుకోకపోతే వెంటనే తడి ఇవ్వండి.”

అంకె లేని జవాబును ఇంజన్ ఎత్తుకోదని డిజిటల్ హెడ్ పట్టుబట్టాడు. నేను ఒప్పుకోలేదు. అయితే ఇంకో వాక్యమన్నా చేర్చమన్నాడు. చీనీ అనేది మన సీమ మాట, మిగతావాళ్లు బత్తాయి అంటారు, ఒట్టి చీనీ అంటే ఇంజన్ చక్కెరో చైనానో అనుకుంటోంది. కాబట్టి పేజీ మొదట్లో “చీనీ అంటే బత్తాయి” అని ఉండాలన్నాడు. అది నిజమే కదా, చేర్చాం. వారం తిరిగేసరికి పేజీ డబ్బాలో పడింది. ఆ రోజు డెస్కులో అందరికీ నేనే టీ తెప్పించాను.

ఆ తర్వాత ఫలితాల తీరే మారిపోయింది. ఒక సైటు వాక్యాలను ఉన్నవున్నట్టు చూపించడం పోయి, నాలుగైదు సైట్లు కలిపి యంత్రం తానే రాసే సారాంశం వచ్చింది. మా పేజీ తెరిచేవాళ్లు తగ్గిపోయారు. ఆ సారాంశంలో పత్రిక పేరైతే వస్తోంది కదా అని సర్దుకున్నాం.

మరుసటి ఏడాది సుగుణమ్మ అనే రైతు పులివెందుల దగ్గరి పల్లె నుంచి మా ఆఫీసు వెతుక్కుంటూ వచ్చింది. చేతిలో ఎండిన చీనీ కొమ్మ ఉంది. భర్త కువైట్‌లో డ్రైవరు. ఆయన జీతంతో బోరు వేసి పెట్టిన తోట అది. ఈ కాపు చేతికొస్తే ఆయన ఇంటికి వచ్చేద్దామనుకున్నాడట. ఆమెకు చదవడం అంతగా రాదు, ఏది కావాలన్నా ఫోన్‌ను నోటితోనే అడుగుతుంది. నా ముందే అడిగి చూపించింది.

“చీనీ చెట్లకు నీళ్లు ఎన్నాళ్లు ఆపల్ల?”

ఫోన్ మా పత్రిక పేరు చెప్పి, దాని ప్రకారం దాదాపు రెండు నెలలు అంది. ఆ రెండు నెలలు ఎక్కడివో ఆమెను కూర్చోబెట్టి వెతికితే సాయంత్రానికి దొరికాయి. వేరే జిల్లాల నల్లరేగడి తోటల గురించి ఇంకో సైటు రాసిన బత్తాయి పేజీలోవి. చీనీ అంటే బత్తాయి అని మేం చెప్పాం కాబట్టి యంత్రం ఆ అంకెను తెచ్చి మా పేరుకు తగిలించింది. సుగుణమ్మది గరుసు నేల.

“ఆకు రాల్తాంటే భయమైంది సార్. ఇంగ నీళ్లు ఇడుద్దామా అని మళ్లా అడిగినా. అదే చెప్పె. పేపరోళ్ల పేరు చెప్తాంది గదా, వాళ్లకు తెలీదా అని ఊరకున్న్యా” అంది.

అది మేం రాసింది కాదన్నాను. మరి ఎవరు రాశారని అడిగింది. ఎవరూ రాయలేదమ్మా అన్నాను.

“ఎవురూ రాయకుండా ఎట్ల చెప్తాది సార్?”

రెండు రోజుల తర్వాత శాస్త్రవేత్తను వెంటబెట్టుకుని తోటకు వెళ్లాను. ఆయన కొమ్మలు గీరి చూశారు. బోరు పైపు కారే చోట కొన్ని చెట్లలోనే పచ్చ ఉంది. మిగతావి కొట్టేయడమే అన్నారు. ఆమె ఏడవలేదు. భర్త కువైట్‌లో మళ్లీ కాంట్రాక్టు రాసుకున్నాడని మాత్రం చెప్పింది.

సారాంశం కింద అభిప్రాయం చెప్పే మీట ఉంటుంది. అది నొక్కి తప్పును వివరంగా రాశాను. ధన్యవాదాలు అని వచ్చింది. రోజూ రాశాను, రోజూ ధన్యవాదాలే. “చీనీ అంటే బత్తాయి” వాక్యం తీసేయించినా జవాబు మారలేదు. చివరికి పేజీనే తొలగించమని ఎడిటర్‌కు రాతపూర్వకంగా పెట్టాను. మిగిలిన పేరు కూడా పోతుందని డిజిటల్ హెడ్ అడ్డుపడ్డాడు. ఎడిటర్ నా మాటే విన్నారు.

నేను రిటైరయ్యాక వెబ్ విభాగాన్ని ఎత్తేశారు. చదువరులు రాని సైటుకు జీతాలు ఎందుకన్నారు. ఆ గదిలో ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపు ఉంది. ఒకరోజు సుగుణమ్మ ఫోన్ చేసింది.

“మళ్లా అడిగి సూసినా సార్. ఆ రెండు నెలలే చెప్తాంది. మీ పేరు మాత్రం ల్యా. ఈసారి ఎవురి తోటన్నా ఎండితే వాళ్లు యాడికి పోయి అడగల్ల?”

ఇన్నేళ్ల ఉద్యోగంలో జవాబు కింద పేరు పత్రిక గొప్పకోసమనుకున్నాను. తప్పు జరిగితే మనిషి కొమ్మ పట్టుకుని ఎక్కడికి రావాలో చెప్పడానికే ఆ పేరు. దాన్ని నేనే పోరాడి తీయించాను. తప్పు జవాబు అక్కడే ఉంది.