గొడుగు తిరగబడిన చోట

మొన్న తెనాలి స్టేషన్లో బాపట్ల వైపు బండి కోసం నిలబడి ఉంటే, ఈదురుగాలికి నా గొడుగు కాస్తా వెల్లకిలా తిరగబడింది. పక్కనున్న కాలేజీ పిల్లలు నవ్వారు గానీ, నాకు పిన్ని గుర్తొచ్చింది.

పిన్ని మా అమ్మకు ఆఖరి చెల్లెలు, నాకంటే కొంచెమే పెద్ద. రేపల్లె నుంచి పొద్దుటి పాసింజర్లో ఆమె తెనాలి కాలేజీకి, పదితో చదువాపేసిన నేను ఆ ఊళ్ళోనే విత్తనాల కొట్టుకి వెళ్ళేవాళ్ళం. కిటికీలోంచి కర్చీఫ్ పడేస్తే ఆ సీటు మనదైపోయే రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. పిన్నికి అలా సీటు ఆపడం నా పని. ఆమెకి ఆర్గానిక్ కెమిస్ట్రీ పేపరు తప్పింది, మళ్ళీ తప్పితే చదువు మాన్పిస్తానని తాతయ్య తేల్చేశాడు. అందుకని దారంతా పుస్తకం నేను పట్టుకుని ప్రశ్నలు అడిగేవాణ్ణి, నాకు అర్థమయ్యేదాకా ఆమె చెప్పాలి.

న్యూక్లియోఫిలిక్ ప్రతిక్షేపణ దగ్గర ఇద్దరం ఆగిపోయాం. కార్బన్‌ని పట్టుకునున్న బ్రోమిన్ పోయి, ఆ చోట్లో ఇంకొకటి చేరడం అది. ఒక రకంలో కొత్తది వెనకనుంచి తోసుకొస్తుంటే పాతది ముందునుంచి దిగిపోతుంది, దారిలో వేమూరు స్టేషన్లో మా రైలు పెట్టెలో జరిగినట్టే. ఇంకో రకంలో పాతది తనంతట తాను లేచి వెళ్ళాకే కొత్తది వస్తుంది. అక్కడ వచ్చేవాళ్ళు ఎందరున్నా వేగం మారదు, వెళ్ళేది ఎప్పుడు లేస్తుందన్నదే లెక్క. అంకెలంటే ఇష్టం కాబట్టి అది నాకు చప్పున ఎక్కింది. మొదటి రకంలో కార్బన్‌కి మిగిలిన మూడు కొమ్మలూ అవతలివైపుకి ఎందుకు తిరగబడతాయో మాత్రం ఇద్దరికీ బోధపడలేదు.

ఒక వాన రోజు ఇదే ప్లాట్‌ఫారం మీద పిన్ని గొడుగు తిరగబడింది. తడుస్తూనే, “ఒరేయ్, ఇదేరా, ఆ ఊచలు చూడు” అంది.

“ముందు గొడుగు సరిచెయ్యి పిన్నీ, పుస్తకం తడుస్తోంది.”

“ఉండరా బాబూ, పరీక్ష నువ్వు రాస్తావా ఏంటి.”

పాసైంది. బాపట్లలో టీచరు ఉద్యోగం వచ్చి అక్కడే ఉండిపోయింది. అంత పట్టుగా ప్రశ్నలడిగిన నేను, పాసైతే పిన్ని ఇక ఈ బండి ఎక్కదన్న చిన్న లెక్క వేసుకోలేదు. ఆ తర్వాత కూడా చాన్నాళ్ళు అలవాటుకొద్దీ కర్చీఫ్ వేసేవాణ్ణి, “ఎవరన్నా వస్తున్నారాండీ” అని ఎవరో ఒకరు అడిగేవారు, తీసేసేవాణ్ణి.

మొన్న వెళ్ళింది పిన్ని సంవత్సరీకానికి. బండిలో కిటికీ పక్క సీటు ఖాళీగా కనిపిస్తే, ఎందుకో కర్చీఫ్ పరిచి ఇవతల కూర్చున్నాను. చుట్టూ అందరూ ఫోన్లు చూసుకుంటున్నారు. బాపట్ల దాకా ఎవరూ అడగలేదు.