లాభం పాట ఎవరిదో నాకు తెలుసు

నాలుగేళ్లుగా నేనొక మాట మోస్తున్నాను. ఫోన్‌లో బొటనవేలితో కొట్టిన మూడు లైన్ల మాట. రాయడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. దించుకోవడానికి మాత్రం ఇన్నేళ్లుగా చోటు దొరకలేదు. ఇంట్లో చెప్పలేను. దేవుడికి చెప్పుకుంటే ఆయన తిరిగి ఏమీ అనడు, అందుకే ఆయనకూ చెప్పలేదు. నన్ను ఎవరైనా ఏదైనా అనాలి. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అయినా మీరే వినండి.

కుందుర్పి పక్కన ఒక ఊళ్లో నాకు మైక్‌సెట్టు, షామియానా బాడుగకిచ్చే అంగడి ఉంది. దానికన్నా ముందు నేను చెక్కభజన గురువును. రాస్తుంటే నాకే నవ్వొస్తోంది. గురువట! చేతిలో చెక్కలు పట్టుకుని గుండ్రంగా తిరిగే పదిహేను మందికి అడుగు నేర్పి, మధ్యలో నిలబడి పాట అందిస్తే మా వైపు గురువంటారు. నా పాటలు కూడా నేనే కట్టేవాణ్ణి. ఇరవై ఏళ్లు కట్టాను. బాగుండేవని ఎవరూ అనలేదు, బాగలేవని కూడా అనలేదు. గురువు కదా.

నా దగ్గర పదేళ్లు అడుగేసినవాడు ఓబులేశు. మూడెకరాల మెట్ట, ఒక పాత ట్రాక్టరు, మొరటు గొంతు. వాడి ఆస్తి అంతే. నాలుగేళ్ల కింద వాడు ఎనిమిది పాటలు సొంతంగా కట్టి, అనంతపురంలో స్నేహితుడి గదిలో రికార్డు చేసి, యూట్యూబులో పెట్టాడు. ఆల్బమ్ అన్నాడు. కింద రాసుకున్నాడు: రచన, గానం: ఓబులేశు. దాని కింద, అడుగు నేర్పిన గురువు అని నా పేరు. ఇది ముందే చెప్పేస్తున్నాను. లేకుంటే వాడు నన్నేదో అవమానించి ఉంటాడని మీరు అనుకుంటారు. ఏమీ చేయలేదు. నాకు కోపం రావడానికి వాడు ఒక్క కారణం కూడా ఇవ్వలేదు.

రోజూ పొద్దున అంగట్లో టీ తాగుతూ ఆ పాటల కింద జనం రాసింది చదివేవాణ్ణి. వినేవాణ్ణి కాదు, చదివేవాణ్ణి. బెంగుళూరులో కాపలా పని చేసేవాడొకడు రాశాడు: "ఈ పాట ఇని మా నాయనకు ఫోన్ చేసినా. ఆయనా మాట్లాడల్యా, నేనూ మాట్లాడల్యా." ధర్మవరం నుంచి ఒకామె: "మగ్గం గుంతలో కూచోని రోజూ ఇదే ఇంటాండా." ఇంకొకరు: "గొంతు మొరటే, కానీ మన గొంతు." చదువుతుంటే టీ చల్లారిపోయేది. ఇరవై ఏళ్లలో నా పాట విని ఎవరైనా వాళ్ల నాయనకు ఫోన్ చేశారా? ఎవరైనా, ఎవరికైనా?

అప్పుడు మా వైపు వాడే ఒకడు రాశాడు: "గురువు పాటలు చిన్నప్పట్నుంచి ఇంటాండాం, అన్నీ ఒగే మాదిరి. శిష్యుడు నోరు తెరిస్తే కదా పాటంటే ఏందో తెలిసింది." దాని కింద ఓబులేశు జవాబు పెట్టాడు: "అట్లనద్దన్నా. ఆయన ల్యాకుంటే నేను లేను."

నన్ను వెనకేసుకొచ్చాడు. నిజంగా ప్రేమతోనే రాశాడు, ఇప్పుడు తెలుసు. బహుశా అప్పుడూ తెలుసేమో. కానీ నాకది జాలిలా తగిలింది. నా శిష్యుడు నా మీద జాలిపడటమా! కడుపుమంట అని ఊరికే అనరు, నిజంగా ఇక్కడ, బొడ్డు మీద, మండింది.

జనం అందరూ ఎక్కువగా మెచ్చుకున్నది మూడో పాట. లాభం పాట. అది ఎట్లా పుట్టిందో చెప్పాలి. మా వైపు కళ్లంలో కాయ కొలిచేటప్పుడు ఒకటి అనరు. మొదటి గంపను లాభం అంటారు. తర్వాత రెండు, మూడు. ఆ ఆల్బమ్‌కు రెండేళ్ల ముందు, వాన మొహం చాటేసిన ఏడు, ఓబులేశు వాళ్ల శనక్కాయలు కొలుస్తుంటే సంచి మూతి పట్టుకున్నది నేనే. వాళ్ల నాయన "లాభం" అని మొదటి గంప పోశాడు. రెండో గంప సగం కూడా నిండలేదు. ఆయన దాన్ని కాసేపు చూసి, రెండు అనకుండానే సంచిలో ఒంపి, గంప బోర్లించి దాని మీద కూర్చున్నాడు. వాళ్లమ్మ చీపురు తీసుకుని ఊడ్చిన కళ్లాన్నే మళ్లీ ఊడ్చింది, ఎక్కడైనా నాలుగు కాయలు దొరుకుతాయేమోనని.

ఇంటికొస్తూ గట్టు మీద ఓబులేశు నా ముందు నడుస్తూ గొణిగాడు.

లాభమంటివి నాయనా లాభమంటివి
రెండందామంటే రాశి యాడిది

నిజానికి ముందు "కుప్ప యాడిది" అన్నాడు. ఆగి, వెనక్కి తిరిగి, కుప్ప బాగుంటుందా రాశి బాగుంటుందా అని నన్నడిగాడు. రెండు పక్కన రాశే కుదురుతుందన్నాను. సరేనని మళ్లీ అందుకున్నాడు. ఊరు చేరేసరికి రెండు చరణాలు అయిపోయాయి. నేను చూస్తుండగా, నేను వింటుండగా. ఇంకెవరూ లేరు అక్కడ. ఆ ఒక్క మాట చెప్పినందుకు పాటలో సగం నాదనుకున్నానా? అనుకునే ఉంటాను. మనిషి అంత అల్పుడు కాగలడా అంటే, కాగలడు. నేనయ్యాను.

ఓబులేశు జవాబు చదివిన మధ్యాహ్నం అంగట్లో ఎవరూ లేరు. నెమలి బొమ్మ పెట్టి, లేని మనిషి పేరుతో ఒక ఖాతా తెరిచాను. లాభం పాట కింద ఇట్లా కొట్టాను: "ఇది మా అవ్వ పాట. తనకల్లు పక్క కలుపు తీస్తా పాడుతాండె. ఎవురిదో పాటకు తన పేరు పెట్టుకునేకి సిగ్గుండల్ల." తనకల్లు ఎందుకంటే అది మాకు దూరం. అడిగి కనుక్కునేవాళ్లు ఉండరని.

నేను ఎదురుచూసింది వాడికి ఒక్క తిట్టు పడాలని. అంతే. ఒక్కరోజు వాడి మొహం చిన్నబోతే చాలనుకున్నాను. జరిగింది వేరు. సాయంత్రానికి సోమందేపల్లె వాడొకడు, "అవును, మా జేజి కూడా పాడుతాండె" అని రాశాడు. మర్నాడు ఇంకో నలుగురు. ఒకామె, తన తల్లి ఈ పాట పాడి నిద్రపుచ్చేదని, వింటే ఏడుపొచ్చిందని రాసింది. వీళ్లెవరూ నాలాంటి దొంగలు కాదు. చిన్నప్పుడు కళ్లంలో లాభం అన్న మాట అందరూ విన్నవాళ్లే. పక్కన అమ్మో అవ్వో ఏదో కూనిరాగం తీసి ఉంటుంది. ఆ రెండూ కలిసి ఓబులేశు పాటగా గుర్తొచ్చాయి వాళ్లకు. అంత బాగా కట్టాడు ముండాకొడుకు, విన్న ప్రతివాడికీ అది తన ఇంట్లోదే అనిపించింది. నా అబద్ధానికి వాళ్ల నిజాయితీ తోడైంది.

అనంతపురంలో జానపద సభ పెట్టేవాళ్లు వాణ్ణి పాడమని అప్పటికే పిలిచారు. వాళ్లు ఫోన్ చేసి, రచన అన్నచోట సేకరణ అని మారిస్తేనే వేదిక ఎక్కిస్తామన్నారు. వాడు వాళ్ల నాయనను అడిగాడు. ఆయన, "ఏమో నాయనా, మీయమ్మ ఏందో ఒగటి పాడుతానే ఉండె" అన్నాడట. తల్లిని అడుగుదామంటే ఆమె పోయి అప్పటికి ఏడాది. ఇక మిగిలింది నేను.

వాడు అంగడికి వచ్చాడు. నేను యాంప్లిఫయర్ మూత విప్పి దుమ్ము తుడుస్తున్నాను.

"అన్నా, ఆ పొద్దు నువ్వుంటివి కదా. గట్టు మీద నిన్నే అడిగితి కదా, కుప్పనా రాశినా అని. ఆ మాట ఒగటి వాళ్లకు చెప్పన్నా."

"ఏ పొద్దప్పా?"

"కాయ కొలిచిన పొద్దన్నా. సంచి పట్టుకునింది నువ్వే కదా."

"సంచి పట్టుకోనింటా. పాట సంగతి నాకు గ్యాపకం లేదప్పా. మీయమ్మ పాడుతాంటే నీ చెవిన పడింటాది. దాంట్లో తప్పేముండాది?"

వాడు వంగి, ఆ విప్పిన డబ్బా అంచు మీది దుమ్ము వేలితో తుడిచాడు.

"మాయమ్మ పాడింటుందా అన్నా?"

"పాడింటుంది."

"అట్లయితే మంచిదే లేన్నా" అన్నాడు. మొహంలో కొంచెం నవ్వు కూడా వచ్చింది. "మాయమ్మది అయితే మంచిదే."

మూడు లైన్ల మాట ఒక ఎత్తు. అది ముసుగేసుకుని చేసింది. ఇది మొహం మీద చేసింది. ఏది పెద్ద తప్పని నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో లెక్క లేదు. చచ్చిపోయిన తల్లిని తెచ్చి బిడ్డ నోరు మూయించాను. వాడు దానికి సంతోషపడి వెళ్లాడు. ఆ నవ్వు చూసినప్పుడైనా నోరు విప్పొచ్చు కదా? విప్పలేదు. స్క్రూలు బిగించుకుంటూ కూర్చున్నాను.

వాడు ఒక్క పాటకే కాదు, ఎనిమిదింటికీ రచన తీసేసి సేకరణ అని పెట్టాడు. ఒకటి తనది కానప్పుడు తక్కిన ఏడూ తనవేనని వాడికి నమ్మకం ఎక్కడినుంచి వస్తుంది? ఆ తర్వాత మళ్లీ పాట కట్టలేదు. ఏదైనా మాట తోస్తే, ఇది ఎవరి దగ్గర విన్నానో అని భయమేస్తుందని ఒకసారి నాతోనే చెప్పాడు. నాతోనే!

రెండు నెలల తర్వాత నా మాట తీసేశాను. తీసేస్తే ఏమవుతుంది, అప్పటికే అందరికీ అవ్వలు గుర్తొచ్చేశారు. పోయిన ఏడాది ధైర్యం చేసి నా సొంత పేరుతో, ఈ పాట ఓబులేశుదే, కడుతుంటే నేను చూశాను అని రాశాను. నెమలి బొమ్మ సంగతి మాత్రం రాయలేదు. ఏమని జవాబులు వచ్చాయో తెలుసా? "శిష్యుని కోసరం గురువు అబద్ధమాడుతాండాడు. పెద్ద మనసు." దానికి నాలుగు దండాల బొమ్మలు. నా జీవితంలో నన్ను జనం మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

ఈ ఏడు మా పక్క చేలో శనక్కాయ చెట్లు పీకేటప్పుడు ఓబులేశు ట్రాక్టరు వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను. చెట్ల నుంచి కాయలు తెంపుతున్న ఆడవాళ్లు లాభం పాట అందుకున్నారు. రెండందామంటే కుప్ప యాడిది, అని పాడుతున్నారు. ఓబులేశు టైరు దగ్గర కూర్చుని, తనకు తెలియకుండానే వాళ్లతో గొంతు కలిపాడు. రాశి అన్నాడు. ఒకామె చెయ్యి ఆపి, "రాశి కాదబ్బా, కుప్ప. పాత పాట అది. తెలీకుంటే అడిగి నేర్చుకో" అంది. అందరూ నవ్వారు.

వాడు నా వైపు చూశాడు. ఒక్క క్షణం. ఆ చూపులో ఏముందో నాకు తెలీదు. గుర్తుందా అన్నా అని అడిగాడా, లేక ఊరికే చూశాడా? తల దించుకున్నాను.

"అట్లనా అక్కా" అన్నాడు ఆమెతో. తర్వాత వాళ్లతోపాటు కుప్ప అనే పాడాడు.

ఆ పాటలు ఎట్లున్నాయన్నా అని వాడు కొత్తలో నన్ను రెండుసార్లు అడిగాడు. వింటానులే అన్నాను. ఇంతమంది వాళ్ల అభిప్రాయం రాశారు, నాదే చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. బాగున్నాయి ఓబులేశూ. ఎనిమిదీ బాగున్నాయి. నేను కట్టినవన్నీ కలిపినా నీ మూడో పాటకు సరిపోవు. అందులో రాశి అనే మాట నేను చెప్పాను. తక్కినదంతా నీది. మీయమ్మ పాడలేదు. ఆమె ఆ రోజు కళ్లం ఊడుస్తూ ఉంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఓబులేశు వాడి అసలు పేరు కాదు. అసలు పేరు పెడితే నేనెవరో ఊళ్లో తెలిసిపోతుంది, భయం. పాట మీరు విని ఉన్నా మీకేమీ దొరకదు, అది ఎవరిదీ కాని పాత పాటే కదా ఇప్పుడు. చూశారా, ఒప్పుకుంటూ ఒప్పుకుంటూ కూడా వాడి పాట పక్కన వాడి పేరు లేకుండానే చేశాను.

అయినా గుండె మీద బరువు కొంచెం తగ్గినట్టే ఉంది. ఈ పూట అన్నం సహిస్తుందేమో. దానికీ సిగ్గుగానే ఉంది.