అడుగు కనిపించే గుండిగ

ఆవిడని మా వీధిలో అందరూ కొలతల పిన్ని అంటారు. విందులు జరిగే హాల్లో వంట ఆవిడదే. ఎంతమంది వస్తారని యజమానులు చెప్పే లెక్కని ఏనాడూ నమ్మలేదు.

"పిలిచినవాళ్ళ సంగతి కాదండీ, తినేవాళ్ళెవరో చెప్పండి" అనేది. ముసలివాళ్ళెక్కువా, కాలేజీ పిల్లలెక్కువా? తీపి ముందు పెడతారా, చివర్లోనా? ఉపన్యాసాలున్నాయా? "ఉంటే బియ్యం ఇంకాస్త పడాల్సిందే. వినీ వినీ నకనకలాడిపోతారు."

బియ్యం మొత్తం ఒక్కసారే పొయ్యెక్కించేది కాదు. సగానికి పైగా వండేది. మొదటి బంతి లేచాక వెళ్ళి, వదిలేసిన పళ్ళాలు చూసొచ్చేది. దాన్నిబట్టి మిగతా బియ్యం ఎసట్లో పడేది. ఆఖరి బంతి లేచేసరికి గుండిగ అడుగు కనిపించాలి. అదీ ఆవిడ పంతం. హాలు మేనేజరు విందు ఇచ్చినవాళ్ళని వంటింట్లోకి తీసుకొచ్చి, గుండిగ వంచి మరీ చూపించేవాడు. "చూశారా, మెతుకు మిగల్లేదు." పిన్ని చెంగుతో మొహం తుడుచుకుంటూ పక్కకి తిరిగేది, నవ్వు కనిపించకుండా.

ఆ గుండిగలు పెరట్లో తోమేది పిన్ని తోడికోడలు. మరిది మంచాన పడ్డాక పిన్నే తీసుకొచ్చి పనిలో పెట్టింది. ఇద్దరూ కలిసే వచ్చేవాళ్ళు, కలిసే వెళ్ళేవాళ్ళు. తోడికోడలి కూతుర్ని చంకనేసుకుని తిప్పిన రోజుల్లోనే పిన్ని చెప్పేసింది: "దీని పెళ్ళి వంట నాది. ఆ ఒక్క వంటకి మాత్రం లెక్క చూడను."

పనివాళ్ళ భోజనం అనే మాట ఆ హాలువాళ్ళు ఎవరితోనూ ఎత్తరు. ఏ హాలువాళ్ళూ ఎత్తరు. మిగిలింది తినడమే పద్ధతి. వంటింట్లో ఉన్నవాళ్ళకి ఉప్పు చూసే వంకతో నాలుగు ముద్దలు దొరుకుతాయి. పెరట్లో ఉన్నవాళ్ళకి ఆ వంకా లేదు.

"తిన్నావా?" అని పిన్ని అడిగేది.

"ఇంట్లో తినే వచ్చానక్కా." తోడికోడలు పీచు ఆపకుండానే చెప్పేది.

పిన్ని నమ్మేసేది. గుమ్మంలో విడిచిన చెప్పులు చూసి హాలు ఆకలి చెప్పగల మనిషికి, పెరటి తలుపు తీస్తే ఎదురుగా కూర్చున్న ఆకలి కంటికి ఆనలేదు.

ఒకరోజు ఇంటికెళ్ళే దారిలో తోడికోడలు నెమ్మదిగా అంది. "రేపట్నుంచి పై వీధి హాల్లో చేరుతున్నానక్కా."

"అక్కడ వంటెవరు? ముద్దన్నం మాస్టరేగా?" పిన్నికి నవ్వొచ్చింది. "ఆయన అన్నం వడ్డించాలంటే గరిటెతో కాదు, తాపీతో వడ్డించాలి. ఆ మహానుభావుడికి లెక్కన్నది తెలీదే. వందమందంటే ఇంకో యాభైమందికి ఎక్కువే దించుతాడు."

"తెలీదు. అందుకే వెళ్తున్నాను."

పిన్ని ఆగిపోయింది.

"నీ గుండిగలు తోమడం తేలికే అక్కా. అడుగున ఏమీ ఉండదుగా. పొద్దుటినుంచి ఆ నీళ్ళల్లో కూర్చుని, ఖాళీ కడుపుతో ఇంటికెళ్ళి మళ్ళీ పొయ్యి ముట్టించడమే నావల్ల కావట్లేదు. అక్కడ ముద్దో, మాడో, ఇంత కడుపులో పడుతుంది."

"నాతో ఒక్క మాట అనుంటే?"

"ఎలా అనను? మేనేజరు గుండిగ వంచి చూపించేటప్పుడు నీ మొహం చూసేదాన్నిగా."

తిండి వృథా చెయ్యకూడదంటే అందరం బుద్ధిగా తలూపుతాం. నేనూ ఊపుతాను. కానీ మన విందుల్లో మిగులు అనేది పనివాళ్ళ కూడు. అది వాళ్ళకి విడిగా పెట్టకుండా మిగులు మాత్రం తగ్గిస్తే, తగ్గేది వృథా కాదు. ఈ పద్ధతి పిన్ని పెట్టింది కాదు, హాళ్ళవాళ్ళు పెట్టింది. ఆవిడ చేసిందల్లా దాన్ని తన పనితనంతో చిల్లు లేకుండా మూసెయ్యడం.

ఆ తర్వాత పిన్ని పెరటివాళ్ళకి కూడా బియ్యం పోయడం మొదలుపెట్టింది. మొదటిరోజే మేనేజరు గుండిగలోకి చూసి, "ఏం పిన్నీ, చెయ్యి జారిందా? కళ్ళజోడు కొనిపెట్టమంటావా?" అన్నాడు.

"ఇన్నాళ్ళూ జారింది. ఇవాళే సరిగ్గా పడింది. తోమేవాళ్ళు తిన్నాకే గుండిగలు పెరట్లోకి వెళ్తాయి. కాదంటే రేపటికి ఇంకో చెయ్యి చూసుకోండి."

ఇంకో చెయ్యి అంత తేలిగ్గా దొరకదని ఆయనకి తెలుసు. గొణుక్కుంటూ ఊరుకున్నాడు. ఇప్పుడక్కడ పెరట్లో ఉన్నవాళ్ళు వేడన్నం తింటున్నారు. తోడికోడలికీ ఆ కబురు అందింది. "మంచి పని చేసిందక్క" అందట. తిరిగి మాత్రం రాలేదు.

పిల్ల పెళ్ళి కుదిరింది. పిన్ని రోజూ ఎదురు చూసింది, వంట సంగతి మాట్లాడ్డానికి వస్తుందని. తోడికోడలు వచ్చింది, పెళ్ళికి రమ్మని పిలిచి వెళ్ళింది. వంట ముద్దన్నం మాస్టరికి చెప్పారు.

పెళ్ళిలో పిన్ని బంతిలో కూర్చోలేకపోయింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక పెరట్లోకి వెళ్ళింది. తోమేవాళ్ళంతా వరసగా కూర్చుని తింటున్నారు. పెళ్ళికూతురి తల్లి వంగి వాళ్ళకి వడ్డిస్తోంది.

"దీని పెళ్ళి వంటకి లెక్క చూడనన్నానుగా" అంది పిన్ని.

"అన్నావక్కా."

"మరి?"

తోడికోడలు గరిటె ఆపింది. "నీ మీద కోపం లేదు. భయమేసింది. నీ చెయ్యి లెక్క కట్టకుండా ఊరుకుంటుందన్న నమ్మకం కుదర్లేదు. ఇవాళ నా ఇంట్లో ఎవరికీ తక్కువ పడకూడదు."

ఆ వంట ఇంక ఎప్పటికీ ఆవిడది కాదు. ఆ పిల్లకి మళ్ళీ పెళ్ళి చెయ్యరుగా.

"కూర్చో, నీకూ పెడతాను" అంది తోడికోడలు.

పిన్ని అలవాటుకొద్దీ గుండిగలోకి తొంగి చూసింది. ఇంకో బంతికి సరిపడా ఉంది. మూత పెట్టేసి, తోమేవాళ్ళ వరసలో చివర కూర్చుంది.